మా బడికి నవ్వించే దయ్యం కావాలి

ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు దయ్యాల కొరత ఎన్నడూ లేదు. చింతచెట్టు మీద ఒకటి, పాడుబడ్డ బావిలో ఒకటి, మూతపడ్డ మిల్లు గోడ వెనక ఒకటి, బడిలో తాళం వేసిన గదిలో ఇంకొకటి. అన్నం తినకపోతే ఒక దయ్యం వస్తుంది, మిట్టమధ్యాహ్నం ఎండన పడి తిరిగితే మరో దయ్యం పడుతుంది. ఇన్ని ఉన్నాయి గానీ పిల్లల్ని నవ్వించే దయ్యం ఒక్కటీ లేదు. భయపెట్టే పనిని పెద్దవాళ్లం శ్రద్ధగా చేశాం. నవ్వించే పనిని మాత్రం ఎవరికో వదిలేశాం. ఆ ఎవరో ఇంతవరకు రాలేదు.

అందుకే నా కోరిక సూటిగా చెబుతాను. వారానికి ఒక్క అరగంట, తెలుగు టీవీలో, పిల్లల కోసం, దయ్యాలున్న ఒక సర్కారు బడి కథ కావాలి. ఒళ్లు జలదరించాలి, ఆ వెంటనే కడుపుబ్బ నవ్వాలి. ఆ బడి ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉండాలి. అందులో పిల్లలు మా మాటే మాట్లాడాలి. కథ ముంబైలో పుట్టి తెలుగు గొంతు అరువు తెచ్చుకున్నది కాకూడదు.

"ఇదేం కోరికప్పా? తాగడానికి నీళ్లడుగు, బడికి అయ్యవార్లనడుగు, దయ్యాల సీరియల్ అడుగుతావేంది?" అనేవాళ్లుంటారు. నీళ్లూ అడుగుతాం, అయ్యవార్లనూ అడుగుతాం. 2011 జనాభా లెక్కల నాటికి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఆగిపోయింది, అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పోతే ఆ అరవై కూడా అందని మాటే. ఈ లెక్క మాకు ఇంకొకరు గుర్తు చేయాల్సిన పని లేదు. అయితే కరువు సీమ పిల్లలకు కష్టాల మీద కన్నీళ్ల కథలు చాలు, నవ్వు పట్నం పిల్లల సొత్తు అని ఎవరు తీర్మానం చేశారు? మా పిల్లల మీద తీసే డాక్యుమెంటరీలకు కెమెరాలు వస్తాయి. మా పిల్లల కోసం తీసే కథకు ఒక్క కెమెరా రాదు.

మా వైపు దీపావళి దాటితే ఊళ్లు ఖాళీ అవుతాయి. గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు, బెంగళూరు కట్టడాల పనులకు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గి పేరుతో వలస కదులుతాయి. కొందరు పిల్లల్ని వెంటేసుకుని పోతారు. కొందరు అవ్వ దగ్గర వదిలిపోతారు. అమ్మానాన్న లేని ఇంట్లో, సగం తలుపులకు తాళాలున్న వీధిలో, రాత్రి ఎనిమిదింటికి అవ్వ పక్కన కూర్చుని ఆ పిల్ల ఏం చూస్తుంది? టీవీ చూస్తుంది. ఆ టీవీ ఆ పిల్లకు ఏమిస్తుంది? కోడలి ఒంట్లోకి ఆత్మ దూరిన సీరియల్. పగబట్టిన పాము ఆడదై వచ్చిన సీరియల్. అవి అయ్యాక, వార్తల చానల్లో "ఆ ఊరి బడిలో అర్ధరాత్రి ఏం జరుగుతోంది?" అనే కార్యక్రమం. తెర మీద ఎర్ర అక్షరాలు, వెనక గుండెదడ పుట్టించే సంగీతం, ఊగే కెమెరా, ఒక నిమ్మకాయ, నాలుగు పసుపు ముద్దలు, గ్రాఫిక్స్‌లో తెల్లచీర. చివర్లో యాంకరమ్మ అడుగుతుంది: "ఇది నిజమా? భ్రమా? మీరే తేల్చుకోండి." ఎనిమిదేళ్ల పిల్ల తేల్చుకోవాలట! పొద్దున తాళం వేసిన గది పక్క నుంచి బడికి నడిచిపోవాల్సింది ఆ పిల్లే.

ఇలాంటి కార్యక్రమం చట్టవిరుద్ధమని తెలుసా? కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్, 1994లో ఆరో నిబంధన ఉంది. మూఢనమ్మకాలను, గుడ్డి విశ్వాసాలను ప్రోత్సహించే కార్యక్రమం ప్రసారం చేయకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51ఏ అధికరణం శాస్త్రీయ దృష్టిని పెంచడం పౌరుడి బాధ్యత అంటుంది. ఇదే చానల్ జనవరి 26న ఆ రాజ్యాంగం గొప్పతనం మీద చర్చ పెడుతుంది. దయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంటుందా?

ఆ నిమ్మకాయ కార్యక్రమం అరగంటలో అయిపోతుంది. దాని భయం మాత్రం ఇంట్లోనే ఉండిపోతుంది. పొద్దున ఏమీ తినకుండా, రక్తహీనతతో, ఎండలో ప్రార్థనకు నిలబడ్డ ఆడపిల్ల కళ్లు తిరిగి పడిపోతే మా ఊళ్లలో మొదట వచ్చే మాట "గాలి సోకింది." ఆ మాట వచ్చిందంటే పిల్ల ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోదు. మంత్రగాడి దగ్గరికి పోతుంది. అక్కడ వేపమండ, ఎండుమిరపకాయల పొగ, చెంపదెబ్బలు. దెబ్బకు దయ్యం వదులుతుందని మనకొక సామెత కూడా ఉంది కదా. ఆ దెబ్బకు వదిలేది దయ్యం కాదు, బడి. పడిపోయిన పిల్లకు ఊళ్లో ఒక పేరు పడుతుంది, ఆ పేరుతో తరగతిలో కూర్చోలేక మానేస్తుంది. పత్తి విత్తన చేలల్లో పూలకు పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి ఇంకో జత చేతులు దొరుకుతాయి. ఆ చేతులు ఎవరికి లాభమో లెక్క వేసి చూడండి. దయ్యం ఎవరికి పని చేస్తోందో తెలుస్తుంది.

పక్కనున్న కర్ణాటక 2017లోనే అమానుష మూఢాచారాల మీద చట్టం చేసింది. మహారాష్ట్ర 2013లో చేసింది, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దాభోల్కర్ ప్రాణం పోయాక. కౌతాళం నుంచి తుంగభద్ర దాటితే అవతల చట్టం ఉంది, ఇవతల లేదు. చట్టం రావాలి. అయితే చట్టం మంత్రగాడి చేతిని ఆపుతుంది గానీ పిల్ల గుండెలోని దడను ఆపలేదు. దానికి వేరే మందు కావాలి. ఆ మందును మన తెలుగు బడిలోనే ఒక అయ్యవారు వాడి చూపించాడు.

2024 జూలైలో ఆదిలాబాద్ జిల్లా ఆనంద్‌పూర్ బడిలో జరిగిన సంగతి ఇది. ఒక తరగతి గదిలో దయ్యం ఉందని పిల్లలు హడలిపోయారు. నూతల్ రవీందర్ అనే ఉపాధ్యాయుడు దయ్యాలు లేవని ఉపన్యాసం దంచలేదు. "సరే, ఆ గదిలో రాత్రి నేను పడుకుంటాను" అన్నాడు. పిల్లలు ఊరికే ఒప్పుకునే రకమా? అమావాస్య నాడే పడుకోవాలన్నారు. జూలై 5 అమావాస్య. ఆయన దుప్పటి తీసుకుని రాత్రి ఎనిమిదింటికి ఆ గదిలోకి పోయి, తెల్లారి ఆరింటికి బయటికి వచ్చాడు. వాకిట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారు. అయ్యవారు బతికే ఉన్నాడు, నిద్ర కూడా బాగానే పట్టినట్టుంది!

ఈ సంఘటనలో ఏం లేదు చెప్పండి? భయం ఉంది, పందెం ఉంది, అమావాస్య ఉంది, దుప్పటి ఉంది, నవ్వు ఉంది, చివర్లో తెల్లవారడం ఉంది. పిల్లల హాస్య భయానక సీరియల్‌కు మొదటి భాగం కాలం తానే రాసి చేతిలో పెట్టింది. వార్త దేశం దాటి పోయింది. మన చానళ్లు రెండు రోజులు చూపించి మరిచిపోయాయి. ఎందుకంటే అందులో దయ్యం ఓడిపోయింది. దయ్యం ఓడిపోతే రేపటి కార్యక్రమానికి సరుకు ఉండదు.

ఇప్పుడు మా గోడల సంగతి చెప్తాను. తొంభైల్లో తెలుగునాట, కన్నడ నాట ఊరూరా తలుపుల మీద, గోడల మీద ఒక రాత కనిపించేది. మనవైపు "ఓ స్త్రీ రేపు రా", అవతల కన్నడంలో "నాళె బా". రాత్రి దయ్యం వచ్చి తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికితే చస్తారని పుకారు. దానికి విరుగుడు ఈ రాత. దయ్యం వస్తుంది, చదువుతుంది, "అలాగా, రేపొస్తాలే" అని వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ చదువుతుంది, మళ్లీ వెళ్లిపోతుంది. సుద్దముక్క ఖర్చుతో ఒక రాష్ట్రం మొత్తం దయ్యాన్ని వెర్రిదాన్ని చేసింది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ రాత రాయడానికి అక్షరాలొచ్చిన మనిషి కోసం వీధంతా వెతుక్కున్న ఊళ్లు అవి. ఆ ఊళ్లలో దయ్యానికి మాత్రం చదువొచ్చు! అదీ సరిహద్దు కదా, తెలుగూ వచ్చు, కన్నడమూ వచ్చు. ఇంత క్రమశిక్షణ గల దయ్యం, చెప్పిన మాట వినే దయ్యం, రోజూ ఠంచనుగా హాజరయ్యే దయ్యం లోకంలో ఎక్కడైనా ఉందా? దాన్ని బడిలో చేర్పిస్తే పదో తరగతి మొదటి శ్రేణిలో పాసయ్యేది. ఇంత గొప్ప హాస్యం మా తలుపుల మీదే ఉండి పోయింది. మనం దాన్ని చెరిపేసి సున్నం వేసుకున్నాం. 2018లో హిందీవాళ్లు ఇదే పుకారును పట్టుకుని 'స్త్రీ' సినిమా తీసి కోట్లు గడించారు. ఆ డబ్బులు హిందీ వాళ్లకు పోయాయని కాదు నా బాధ. మన తలుపు మీది జోకు మనకు కనిపించకపోవడం నా బాధ.

బయటి దేశాల సంగతి చూద్దాం. జపాన్‌లో ప్రతి బడికీ ఒక దయ్యం ఉంటుంది. అన్నిటికంటే పేరున్నది హనాకో. మూడో అంతస్తు ఆడపిల్లల మరుగుదొడ్లలో, మూడో గదిలో ఉంటుంది. తలుపు కొట్టి పిలిస్తే "ఊఁ" అంటుంది. ఇలాంటి కథల్ని చూసి అక్కడి పెద్దలు కంగారు పడిపోలేదు. తోరు త్సునెమిత్సు అనే ఒక బడి అయ్యవారు తన విద్యార్థులు చెప్పుకునే దయ్యం కథల్ని వాళ్ల నోటితోనే సేకరించాడు. 1990 నుంచి అవి పిల్లల పుస్తకాలుగా వచ్చాయి. 1995లో సినిమా అయ్యాయి. 2000 అక్టోబరు నుంచి 2001 మార్చి దాకా టీవీలో 20 భాగాల కార్టూన్ సీరియల్‌గా నడిచాయి. ఆ సీరియల్‌లో సత్సుకి అనే పిల్ల, చనిపోయిన తల్లి రాసిపెట్టిన డైరీ చదివి ఒక్కో దయ్యాన్నీ నిద్రపుచ్చుతుంది. దయ్యాలు ఎందుకు లేచాయంటే, ఊరి అభివృద్ధి పేరుతో వాటి చోటును చెడగొట్టారు కాబట్టి. ఒక దయ్యం ఆ పిల్ల పెంపుడు పిల్లిలో ఇరుక్కుపోయి, సీరియల్ పొడవునా విసుక్కుంటూ ఉంటుంది. భయం, నవ్వు, తల్లి లేని దిగులు, పోయిన అడవి, అన్నీ ఒకే అరగంటలో. మొదలుపెట్టింది కార్పొరేట్ కంపెనీ కాదు, సుద్దముక్క పట్టుకున్న మాస్టారు.

అమెరికావాళ్ల స్కూబీ డూ 1969లో మొదలైంది, మన ఇళ్లలోకీ వచ్చింది. దాని సూత్రం చిన్నది. చివర్లో దయ్యం ముసుగు లాగితే లోపల మనిషే ఉంటాడు. భూమి మీద కన్నేసినవాడో, నిధి కోసం జనాన్ని తరిమేవాడో. జనాన్ని దూరం పెట్టాలనుకునేవాడికి దయ్యం అక్కరకు వస్తుందన్న రాజకీయ పాఠాన్ని ఒక కుక్క, నలుగురు పిల్లలు యాభై ఏళ్లకు పైగా చెబుతూనే ఉన్నారు. కార్టూన్ నెట్‌వర్క్‌లో 2010 నుంచి వచ్చిన 'రోల్ నంబర్ 21'లో బడి ప్రిన్సిపాలే కంసుడు. పిల్లలు పడి పడి నవ్వారు. ఆ బడి మథురలో ఉంది. మన బడి ఎక్కడుంది?

మనకు ఈ వంటకం కొత్తదా? చందమామలో ఎన్ని దయ్యాలు! 1947లో పత్రిక పుట్టింది మొదలు చెట్టెక్కి కూర్చున్న దయ్యాలు గయ్యాళి కోడలికి బుద్ధి చెప్పాయి, పిసినారి షావుకారును ఏడిపించాయి, అమాయకుడికి కుండెడు వరహాలిచ్చి పంపాయి. బేతాళుడు శవంలో దూరి చిక్కుప్రశ్న వేసేవాడు. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుందన్నాడు. పరీక్ష పెట్టే దయ్యం అది! దాసరి సుబ్రహ్మణ్యం ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం రాస్తే పిల్లలు వచ్చే నెల సంచిక కోసం పడిగాపులు కాశారు. సినిమాల్లో విఠలాచార్య పుర్రెలతో, ఎముకల గూళ్లతో మాట్లాడించి నవ్వించాడు. అంతకుముందు 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 'బాల' పత్రిక పెట్టారు. పిల్లల చేత రేడియోలో మాట్లాడించారు. రేడియో కాలంలో చేసిన పనిని ఇన్ని వందల చానళ్ల కాలంలో చేయలేకపోవడానికి మన దగ్గర ఏ సాకుంది?

ఇప్పటి తెలుగు టీవీలో పిల్లలు కనిపించరా అంటే కనిపిస్తారు. పెద్దవాళ్ల పాటకు పెద్దవాళ్ల స్టెప్పులేస్తూ, న్యాయనిర్ణేతల ముందు ఏడుస్తూ కనిపిస్తారు. పిల్లల చానల్ పెడితే దాన్ని డబ్బింగులతో నింపుతారు. సినిమావాళ్లు 'ప్రేమకథా చిత్రమ్' నుంచి 'ఆనందో బ్రహ్మ' దాకా దయ్యంతో నవ్వించి డబ్బు చేసుకున్నారు. అవి పెద్దల కథలు. పిల్లలు పక్క సీట్లో కూర్చుని సగం అర్థం కాని జోకులకు నవ్వారు. దయ్యంతో నవ్వించడం చేతకాదన్న మాట ఇక చెల్లదు. పిల్లలంటే లెక్క లేదు, అంతే.

మరి మా బడిలో కథలుంటాయా అంటారా? నాలుగు చెప్తాను, ఉచితంగా తీసుకోండి.

ఒకటి, హాజరుపట్టీ దయ్యం. అయ్యవారు పేర్లు పిలుస్తుంటే ఖాళీ బెంచీ నుంచి "ప్రెజెంట్ సార్" అని వినిపిస్తుంది. పిల్లలు వణికిపోతారు. తీరా చూస్తే అక్కడున్నది ఏళ్ల తరబడి పట్టీలో మాత్రమే బతుకుతున్న పిల్లోడు. పేరు ఈరన్న అనుకుందాం. వాడికి యూనిఫాం వచ్చింది, వాడు తొడుక్కోలేదు. మధ్యాహ్న భోజనంలో వాడి పేరు మీద గుడ్డు వచ్చింది, వాడు తినలేదు. వాడికి ఎవరి మీదా పగ లేదు. వాడి ప్రశ్న ఒక్కటే: "అన్నా, నా గుడ్డు ఎవురు తింటాండారు?" దయ్యమూ పిల్లలూ కలిసి ఆ గుడ్డు వెంట పడతారు. గుడ్డు ఎక్కడికి పోయిందో రాస్తే ఆ భాగాన్ని ప్రసారం చేసే దమ్ము ఏ చానల్‌కుందో అప్పుడు చూద్దాం.

రెండు, తాళం దయ్యం. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు లేవని తాళం వేశారు. దయ్యం లోపలే ఇరుక్కుపోయింది. దానికి బయటికి రావాలని ఉంది, పిల్లలకు లోపలికి పోవాలని ఉంది. ఇద్దరి అవసరమూ ఒకే తాళంచెవి. ఆ తాళంచెవి ఎవరి బీరువాలో ఉందో కనిపెట్టడమే కథ. హనాకో మా ఊరికి వస్తే జరిగేది ఇదే.

మూడు, ఎమ్మిగనూరు మగ్గం దయ్యం. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు అది. ఆ ఊళ్లో అర్ధరాత్రి పాడుబడిన ఇంట్లోంచి టకటకమని మగ్గం చప్పుడు. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని పోయి కిటికీలోంచి చూస్తారు. గుంట మగ్గంలో కాళ్లు దింపి ఒక ముసలాయన నేస్తుంటాడు. కాళ్లు కనిపించవు, గుంటలో ఉన్నాయి కాబట్టి! "కాళ్లు లేవురోయ్!" అని పిల్లలు కేకలేసి పారిపోతారు. తెల్లారి సంగతి తెలుస్తుంది. అప్పు తీరాలంటే పగటి నేత ఒక్కటే చాలదు. ఆ రోజు పిల్లలు నవ్వి, నవ్వు మధ్యలో ఆగిపోతారు. ఆ ఆగిపోవడం ఎంత విలువైన పాఠమో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

నాలుగు, ఆదోని దూది దయ్యం. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డుకు వచ్చే బండ్ల నుంచి రాలిన దూది దారి పక్క తుమ్మచెట్ల ముళ్లకు చిక్కుకుంటుంది. రాత్రి లారీ లైటు పడితే చెట్టు నిండా తెల్లటి వేళ్లు ఊగుతాయి. మొదటిసారి చూసినవాడు పెద్దవాడైనా ఉలిక్కిపడాల్సిందే. దగ్గరికి పోయి ఒక వేలు పీకి చూస్తే చేతిలో ఇంత దూది, మధ్యలో నల్లటి గింజ. దాన్ని పండించినవాడికి ఏం మిగిలిందన్నది రెండో సగం.

"మార్కెట్ లేదు సార్" అంటారు చానళ్లవాళ్లు. చాక్లెట్లు, బిస్కెట్లు, పాలపొడి, పెన్సిళ్లు, చెప్పులు, సైకిళ్లు అమ్మే కంపెనీలు ఎవరికి అమ్ముతున్నాయి? పిల్లల వెనక పరిగెత్తే ప్రకటనలున్న చోట పిల్లల కథకు మార్కెట్ లేదంటే నమ్మడానికి మేమేమీ "రేపు రా" చదివి వెనక్కి పోయే దయ్యాలం కాదు.

"మీ సీమ మాట అందరికీ అర్థం కాదు" అంటారు. కత్తి పట్టినవాడి నోట్లో, బాంబు విసిరేవాడి నోట్లో, సుమో దిగిన విలన్ నోట్లో పాతికేళ్లు అర్థమైన మాట, పదేళ్ల పిల్ల నోట్లో అర్థం కాకుండా పోతుందా? తొడలు కొట్టడానికి పనికొచ్చిన యాస నవ్వించడానికి ఎందుకు పనికిరాదు? మా పిల్లలు తెర మీద తమ మాట విన్న ప్రతిసారీ ఎవడో ఒకడి తల తెగుతోంది. తమ మాట వింటే భయమేసేలా ఒక ప్రాంతం పిల్లల్ని పెంచిన ఘనత తెలుగు తెరది.

హేతువాద మిత్రులకు నాతో వేరే పేచీ. "దయ్యాలు లేవని చెప్పాల్సింది పోయి దయ్యాల సీరియల్ అడుగుతావా?" అంటారు. అయ్యా, లేవని చెప్పడం నాకూ వచ్చు. చెబితే పిల్ల "సరే సార్" అంటుంది. రాత్రి అవ్వ పక్కన ముసుగు తన్ని వణుకుతుంది. మన మాట వల్ల భయం పోలేదు, దాన్ని మనకు చెప్పుకోవడం మాత్రం ఆగింది. భయాన్ని బయటికి తీసి, పదిమందిలో పెట్టి, దానికి ఒక పేరు పెట్టి, ఆటపట్టిస్తే అది చిన్నదవుతుంది. ఆనంద్‌పూర్ అయ్యవారు పిల్లల షరతు ఒప్పుకుని, వాళ్లు చెప్పిన అమావాస్య నాడే పడుకున్నాడు. వాళ్ల కథలోకి వెళ్లి గెలిచి వచ్చాడు.

అయితే నాకూ షరతులున్నాయి. "యథార్థ సంఘటన ఆధారంగా" అన్న మాట ఒక్క భాగంలోనూ పడకూడదు. మంత్రగాడు వచ్చి కథ ముగించకూడదు. పిల్లలే ముగించాలి. నల్లగా ఉన్నవాణ్ని, నత్తి ఉన్నవాణ్ని, లావుగా ఉన్న పిల్లను, చీర కట్టిన మగవాణ్ని చూపించి నవ్వు పిండుకునే రోత మన టీవీకి అలవాటు. అది ఈ బడి గడప తొక్కకూడదు. నవ్వు ఎప్పుడూ బీరువా తాళాలున్నవాడి మీదే ఉండాలి. ఇంకొకటి. దయ్యమంటే జుట్టు విరబోసుకున్న ఆడదే ఎందుకు కావాలి? బతికున్నప్పుడు బావిలో పడేలా చేసి, చచ్చాక అదే బావి చుట్టూ తిరిగే దయ్యమని పేరు పెట్టిన ఊళ్లు మనవి. ఆమె కథ చెప్పేటప్పుడు ఎవరు తోశారో కూడా చెప్పాలి.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. నాడు-నేడు పేరుతో బడుల్లోకి పెద్ద పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. వాటి మీద వీడియో పాఠాలు నడుస్తున్నాయి, మంచిదే. నెలకొక్క శనివారం సాయంత్రం వాటి మీద ఒక కథ నడిస్తే నష్టమేంటి? దూరదర్శన్ సప్తగిరి మన సొమ్ముతో నడిచే చానల్. దానికి ప్రకటనల సాకు లేదు. విద్యాశాఖ, సప్తగిరి కలిసి పది భాగాలు తీయించండి. నటులు మా బడుల్లోనే ఉన్నారు. సెట్టింగులకూ ఖర్చు లేదు. పగుళ్లు, బూజు, ఊగే కిటికీ తలుపు మీరే ఇచ్చి ఉంచారు.

తల్లిదండ్రులారా, అన్నం తినిపించడానికి దయ్యాన్ని పిలవడం మానండి. పిలిస్తే, కథ పూర్తయ్యేలోపు దాన్ని ఓడించే బాధ్యత కూడా తీసుకోండి.

అసలు విజ్ఞప్తి మాత్రం ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం బడుల్లో పనిచేసే అయ్యవార్లకు, అయ్యవారమ్మలకు. టీవీ వాళ్లు రేపు వస్తారని ఎదురు చూడకండి. జపాన్‌లో పని మొదలైంది బడిలో. మన సీమలోనే, అనంతపురం జిల్లా నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పత్రిక పిల్లలు రాసిన కథల్ని అచ్చువేసి చూపింది. వచ్చే శనివారం ఆఖరు పీరియడులో పాఠం పక్కన పెట్టండి. "మన బడిలో దయ్యం ఎక్కడుంది?" అని అడగండి. పిల్లలు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటలోనే, ఒక నోటుబుక్కులో రాయండి. ప్రతి కథకూ నవ్వొచ్చే ముగింపు వాళ్ల చేతే రాయించండి. తర్వాత అందరూ కలిసి ఆ తాళం వేసిన గది తెరవండి.

ఒక మండలానికి ఒక నోటుబుక్కు నిండినా చాలు, సీరియల్‌కు కథ సిద్ధమైనట్టే. అప్పుడు కూడా మన చానళ్లు తీయకపోతే, పిల్లల్ని భయపెట్టి సంపాదించడం తప్ప వాళ్లకు మరో విద్య రాదని తేలిపోతుంది.